నోటి మాట నుంచి ప్రోనోటు దాకా

తెలుగునాట అప్పు చేయని ఇల్లు అరుదు. ప్రోనోటు చూడని ఇల్లు అంతకన్నా అరుదు. స్టేషనరీ కొట్లో అచ్చు ఫారం దొరుకుతుంది, లేదంటే తెల్లకాగితం మీద రాసుకుంటారు. పైన ఊరు, తేదీ. అప్పిచ్చినవారి పేరు, తండ్రి పేరు, ఊరు. ఆ కింద పుచ్చుకున్నవారి వివరాలు. ‘కుటుంబ ఖర్చుల నిమిత్తం’ అనో ‘వ్యవసాయపు ఖర్చుల నిమిత్తం’ అనో ఒక కారణం. అసలెంతో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. వడ్డీ నెలకు నూటికి ఎన్ని రూపాయల చొప్పునో రాస్తారు. ఆ తర్వాత పత్రానికంతటికీ ప్రాణమైన వాక్యం వస్తుంది: మీరు గానీ, మీ అనుమతి పొందినవారు గానీ కోరినప్పుడు అసలూ వడ్డీ కలిపి చెల్లించగలనని. చివర రెవెన్యూ స్టాంపు, దాని మీద కొంత, కాగితం మీద కొంత పడేలా సంతకం. పక్కన సాక్షులు, అడుగున రాసినవారి దస్తూరి. ఈ కాగితం వెనక తాకట్టు పెట్టిన పొలం లేదు, కుదువ పెట్టిన నగ లేదు. ఉన్నదల్లా ఒక మనిషి ఇచ్చిన మాట. మాట అనేదానికి మనుషులు ఎప్పుడు, ఎలా, ఎందుకు ఒక రూపం కల్పించారో తెలుసుకోవాలంటే ఇంతకు మించిన ఆధారం దొరకదు.

ప్రోనోటు గురించి మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. వెనకటి రోజుల్లో నోటి మాటే పత్రమనీ, మనుషుల్లో నీతి సన్నగిల్లాక కాగితం అవసరపడిందనీ పెద్దలు అంటూంటారు. వినడానికి బాగుంటుంది గానీ చరిత్ర దీన్ని ఒప్పుకోదు. మనకు దొరుకుతున్న అతి పాత రాతల్లోనే అప్పు పత్రాలున్నాయి. నమ్మకం లేకపోవడం వల్ల మాట పత్రమెక్కిందంటే, మనిషి రాయడం నేర్చిన నాటికే నమ్మకం నశించిందని చెప్పాల్సి వస్తుంది. అసలు కారణం వేరు. ఇచ్చిన మాట ఇచ్చినవాడి దగ్గర ఉండిపోదు, పుచ్చుకున్నవాడి సొత్తవుతుంది. పురాణాలు మాట తప్పనివాడి గొప్పతనాన్ని కీర్తించాయి. అదే సమయంలో పద్దులు రాసుకునేవాళ్లు, ధర్మశాస్త్రాలు రాసినవాళ్లు, న్యాయమూర్తులు మాట పుచ్చుకున్నవాడి వైపు నుంచి ఆలోచించారు. ప్రోనోటు ఈ రెండో ఆలోచనకు వారసురాలు. దాని పుట్టుపూర్వోత్తరాలు తరచి చూస్తే, సొంత జీవితంలో మనం ఇచ్చే మాటల గురించి కూడా కొత్తగా ఆలోచించక తప్పదు.

ఇప్పటి తుర్కియేలోని కుల్‌తెపే దగ్గర, పూర్వం కానేష్ అనే పట్నం ఉండేది. సుమారు 3900 ఏళ్ల కిందట అస్సూరు నగరపు వర్తకులు గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని అక్కడికి వచ్చేవారు. వాళ్ల ఇళ్లలో ఇరవై వేలకు పైగా మట్టి పలకలు దొరికాయి. వాటిలో అప్పు పత్రాలు ఎన్నో. అప్పు వివరాలు చిన్న మట్టి పలక మీద రాసి, దానిచుట్టూ మళ్లీ మట్టితోనే ఒక తొడుగు వేసేవారు. తొడుగు మీద కూడా అదే విషయం రాసి, బాకీదారూ సాక్షులూ తమ ముద్రలు దొర్లించేవారు. పైన రాసినదాన్ని ఎవరైనా దిద్దారని తగవు వస్తే తొడుగు పగలగొట్టి లోపలి పలక చూసేవారు. పలకను అప్పిచ్చినవాడు దాచుకునేవాడు. కొన్ని పలకల్లో, ఈ పలక తెచ్చినవాడే అప్పిచ్చినవాడని భావించాలనే షరతు కూడా ఉంది. బాకీ తీరాక పలకను ‘చంపడం’ అనే మాట వాళ్ల ఉత్తరాల్లో కనిపిస్తుంది. అంటే పగలగొట్టడం. పలక ఎవరి చేతిలో ఉంటే వాగ్దానం వారిది. అది అవతలివారి దగ్గరుండగా బాకీదారు తనంతట తాను దాన్ని రద్దు చేసుకోలేడు. ప్రోనోటుకు మూలమైన ఆలోచన ఇక్కడే కనిపిస్తోంది. ఈ వర్తకులు ఒకరినొకరు నమ్మనివాళ్లు కారు. నమ్మకపోతే నెలల తరబడి దూరదేశంలో అరువు బేరాలు సాగేవే కావు.

రోమన్లు ఇంకో దారి తొక్కారు. వాళ్ల స్టిపులాషియో అనే పద్ధతిలో పత్రం ప్రధానం కాదు, మాటే ప్రధానం. అయితే ఏ మాట పడితే ఆ మాట చెల్లదు. పుచ్చుకునేవాడు ముందు అడగాలి: ఇంత సొమ్ము ఇస్తానని మాటిస్తావా? ఇచ్చేవాడు అక్కడికక్కడే, ఎదురుగా నిలబడి, అదే క్రియాపదంతో, ఇస్తానని జవాబు చెప్పాలి. చెవిటివారూ మూగవారూ ఈ పద్ధతిలో మాట ఇవ్వలేరని రెండో శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త గయస్ రాశాడు. అతి పాత క్రియాపదమైతే రోమన్ పౌరులే వాడాలనే నియమం కూడా ఉండేది. క్రీ.శ. 472లో లియో చక్రవర్తి ఈ పదాల పట్టింపును సడలించాడు గానీ, అడగడం, ఒప్పుకోవడం అనే వరస మాత్రం పోలేదు. ఈ వరసలో ఒక గట్టి అవగాహన ఉంది. మనసులో అనుకున్నది వాగ్దానం కాదు. గాలిలోకి చెప్పింది కూడా కాదు. అడిగినవాడొకడు ఉండాలి, అతడికి వినపడాలి, అతడు స్వీకరించాలి. ఒంటరిగా చేసుకునే సంకల్పానికీ ఇంకొకరికిచ్చే మాటకూ తేడా ఇదే. సంకల్పం సడలితే మనల్ని మనమే నిందించుకుంటాం. మాట తప్పితే నిలదీసే హక్కు మరొకరికి ఉంటుంది.

మన దేశానికి వస్తే, మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహార పదాల్లో, అంటే తగవుల రకాల్లో, మొట్టమొదటిది ఋణాదానం. అప్పు పత్రం ఎలా ఉండాలో యాజ్ఞవల్క్యస్మృతి ఇంకా వివరంగా చెప్పింది. సంవత్సరం, నెల, పక్షం, తిథి రాయాలి. ఇద్దరి పేర్లూ, కులగోత్రాలూ, తండ్రుల పేర్లూ ఉండాలి. విషయం పూర్తయ్యాక, పైన రాసినది నాకు సమ్మతమేనని బాకీదారు స్వహస్తంతో రాయాలి. సాక్షులు తండ్రి పేరుతో సహా తమ చేత్తో రాయాలి. చివర లేఖకుడు, ఇరువురూ కోరితే ఫలానా నేను రాశానని చెప్పుకోవాలి. మొత్తం తన చేత్తోనే రాసిచ్చిన పత్రమైతే, బలవంతమో మోసమో జరిగి ఉండకపోతే, సాక్షులు లేకపోయినా చెల్లుతుంది. కొంత సొమ్ము తీర్చినప్పుడల్లా పత్రం వెనక వైపు రాయాలి. మొత్తం తీరాక పత్రాన్ని చించేయాలి. నేటి ప్రోనోటు వెనక ‘చెల్లు’ వేయడం, బాకీ తీరిన రోజున చింపి చేతికివ్వడం తెలిసినవాళ్లకు ఈ వరుస కొత్తగా అనిపించదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కావ్యాలకు పెట్టింది పేరైన తిక్కన కాలంలోనే తెలుగులో న్యాయగ్రంథం కూడా వెలిసిందంటే, ఈ విషయాలు సంస్కృత పండితుల దగ్గరే ఆగిపోలేదని అర్థం.

అదే కాలంలో మాట ఇంకో రూపంలో రాతి మీదికి కూడా ఎక్కింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును రాజులు స్వాధీనం చేసుకోవడం అప్పటి రివాజు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ అభయశాసనం వేయించి, నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోనని సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. మంచి గంధం, కర్పూరం, ముత్యాల వంటి సరుకుల పేర్లు చెప్పి మరీ లెక్కలు చెక్కించాడు. రాజు తన మంచితనం చాటుకోవాలంటే ఆస్థాన కవి పద్యం చాలు. సరుకులవారీగా సుంకం చెక్కించడం వర్తకుడి కోసం. రేపు సుంకం వసూలు చేసే అధికారి ఎక్కువ అడిగితే, వర్తకుడు ఆ స్తంభం దగ్గరికి తీసుకుపోయి చూపించగలడు. ఇక్కడ కూడా మాట పుచ్చుకున్నవాడి చేతికి ఒక ఆధారం దొరికింది. అయితే 1358లో అదే మోటుపల్లిలో రెడ్డిరాజు అనపోతారెడ్డి వర్తకులకు మళ్లీ అభయమివ్వాల్సి వచ్చింది. రాతికి ఆయుష్షున్నా, ఒక రాజు మాట తర్వాతి రాజును దానంతట అదే కట్టేయదు. కొత్త రాజు తన నోటితో మళ్లీ చెప్పాలి. వాగ్దానం వ్యక్తిగతమన్న మాటకు ఇది గట్టి సాక్ష్యం.

ఇదే దేశంలో పురాణాలు వాగ్దానాన్ని ఇంకో కోణంలో చూపించాయి. హరిశ్చంద్రుడి కథ మనం సత్యవాక్కు కథగా చెప్పుకుంటాం, నిజానికి అది బాకీ కథ. విశ్వామిత్రుడికి ఇస్తానన్న సొమ్ముకు గడువుంది, గడువు తీరేదాకా వెంటపడే నక్షత్రకుడున్నాడు, తీర్చడానికి భార్యనూ కొడుకునూ తననూ అమ్ముకోవడముంది. గౌరన ద్విపదకావ్యం నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం దాకా తెలుగువాళ్లు ఈ కథను గుండెకు హత్తుకున్నారు. పట్టువదలకుండా పీడించేవాణ్ణి నక్షత్రకుడనే అంటున్నాం. బలి చక్రవర్తి కథలో శుక్రాచార్యుడు మాట వెనక్కు తీసుకోమని హితవు చెప్పినా బలి ఒప్పుకోడు. ఈ కథలు ఎంత ఉన్నతమైనవైనా వాటిలో వెలుగంతా ఇచ్చినవాడి మీదే పడుతుంది. పుచ్చుకునేవాడు పరీక్షించే మునో, రూపం మార్చుకొచ్చిన దేవుడో. అతడికి ఆ సొమ్ము అవసరం లేదు. అందువల్ల మాట నిలబెట్టుకోవడమంటే తన కీర్తి నిలబెట్టుకోవడమనే భావం మనలో స్థిరపడింది. నిజజీవితంలో పుచ్చుకునేవాడు మునీ కాడు, దేవుడూ కాడు. మనం ఇస్తామన్న తేదీని నమ్ముకుని కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకున్న మామూలు మనిషి. మాట తప్పితే మన కీర్తికి మచ్చ పడటం కన్నా ముందు అతడి పెళ్లిపందిరి ఆగుతుంది.

ప్రోనోటుకు నేటి రూపం ఇచ్చింది మాత్రం ఇంగ్లండు. పదిహేడో శతాబ్దంలో లండన్ కంసాలి వర్తకులు తమ దగ్గర బంగారం దాచుకున్నవారికి ఇచ్చే చీటీలు చేతులు మారడం మొదలైంది. చీటీ మూడో మనిషి చేతికి వెళ్లాక, మాటిచ్చినవాణ్ణి అతడు తన పేరు మీద దావా వేసి అడగవచ్చా? 1703లో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ కుదరదన్నాడు. లాంబార్డ్ స్ట్రీట్ వర్తకులు కోర్టులకే చట్టం నేర్పాలని చూస్తున్నారని ఆయన ఆగ్రహించాడు. ఇద్దరి మధ్య మాట ఇద్దరిదే, మూడోవాడికేం పని అన్నది పాత న్యాయసూత్రం. మరుసటి ఏడే, 1704లో, పార్లమెంటు చట్టం చేసి ప్రామిసరీ నోట్లను బదలాయించుకోవచ్చంది. మాట పుచ్చుకున్నవాడి సొత్తే అయితే, తన సొత్తును ఇంకొకరికి ఇచ్చుకునే హక్కు కూడా అతడికి ఉండాలి కదా. కానేష్ పలకల్లో ఉన్న ఆలోచన ఇన్ని వేల ఏళ్ల తర్వాత మళ్లీ చట్టమైంది. మన ప్రోనోట్లలో ‘మీ అనుమతి పొందినవారు గానీ’ అన్న మాటలకు బలం అక్కడి నుంచే వచ్చింది. భారతదేశంలో ఇలాంటి చట్టం 1881లో వచ్చి, 1882 మార్చి 1 నుంచి అమలైంది. దేశీయ హుండీల వంటి పత్రాల విషయంలో స్థానిక ఆచారాలను కదపబోమని మొదటి సెక్షన్లోనే చెప్పింది.

ఆ చట్టంలో నాలుగో సెక్షను ప్రోనోటుకు నిర్వచనం. ఫలానా మొత్తాన్ని, డబ్బు రూపంలోనే, ఫలానా మనిషికి గానీ, అతడు చెప్పినవారికి గానీ, పత్రం చేతిలో ఉన్నవారికి గానీ ఏ షరతూ లేకుండా చెల్లిస్తానని రాసి సంతకం చేయాలి. నిర్వచనం కన్నా దాని కింద ఇచ్చిన ఉదాహరణలు ఎక్కువ నేర్పుతాయి. నీకు వెయ్యి రూపాయలు బాకీ ఉన్నానని మాత్రమే రాస్తే ప్రోనోటు కాదు. ఫలానా అమ్మాయితో నా పెళ్లయిన ఏడు రోజులకు అయిదువందలు ఇస్తానంటే కాదు, ఎందుకంటే ఆ పెళ్లి జరగకపోవచ్చు. ఫలానాయన పోయాక, నాకు తగినంత ఆస్తి వదిలితే ఇస్తానన్నా కాదు. అయిదువందలూ నా నల్లగుర్రమూ ఇస్తానన్నా కాదు. వాటిలో మొదటిది నిజాన్ని ఒప్పుకోవడం మాత్రమే. ఉన్న బాకీని ఒప్పుకోవడం గతం గురించిన మాట, ఇస్తాననడం రాబోయే కాలంలో తన చేతులను ఇంకొకరికి కట్టివ్వడం. రెండూ ఒకటి కావని చట్టం గుర్తించింది. మిగతా ఉదాహరణలు వాగ్దానంలో తప్పించుకునే సందులు ఎక్కడుంటాయో చూపిస్తాయి. వీలైతే, కుదిరితే, అన్నీ కలిసొస్తే అని మనం తగిలించే తోకలన్నీ ఆ సందులే.

వాగ్దానమంటే ఏమిటో మన చట్టం ఎంత లోతుగా ఆలోచించిందో తెలియాలంటే కాలదోషం సంగతి చూడాలి. కోరినప్పుడు చెల్లించాల్సిన ప్రోనోటు మీద రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ లోపు బాకీదారు రాతపూర్వకంగా బాకీని ఒప్పుకున్నా, కొంత సొమ్ము కట్టి సంతకంతో చెల్లు వేసినా గడువు మళ్లీ మొదలవుతుంది. మూడేళ్లు దాటితే కాలదోషం పట్టినట్టే. ఆ తర్వాత ఉత్త ఒప్పుకోలు పనికిరాదు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇరవై అయిదో సెక్షనులో ఒక విశేషముంది. కాలదోషం పట్టిన బాకీని, తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం పెడితే, ప్రతిగా పైసా పుచ్చుకోకపోయినా ఆ మాట చెల్లుతుంది. వెయ్యి బాకీకి అయిదువందలు ఇస్తానన్నా ఆ మేరకు చెల్లుతుంది. కోర్టు తలుపు మూసుకున్న బాకీకి ఒక మనిషి తన ఇష్టపూర్వకమైన మాటతో మళ్లీ ప్రాణం పోయవచ్చు. గడువు దాటితే కోర్టుకు వెళ్లే దారి పోతుందే తప్ప బాకీ చెరిగిపోదన్నది దీని వెనకున్న న్యాయసూత్రం. బలప్రయోగం పోయినా బాధ్యత మిగులుతుందని చట్టమే చెబుతుంటే, మాటకు విలువ కోర్టు భయం వల్లే వస్తుందనడం పొరపాటు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రోనోటును ఇంతగా మెచ్చుకుంటున్నారే, ఎన్ని కుటుంబాలను అది వీధిన పడేసిందో తెలియదా అని అడగవచ్చు. నిజమే. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుని తర్వాత అంకెలు వేసుకున్నవాళ్లున్నారు. ఇచ్చింది పదివేలైతే ఇరవై రాయించుకున్నవాళ్లున్నారు. సంతకం పెడితే సొమ్ము ముట్టినట్టేనని చట్టం మొదట భావిస్తుంది కాబట్టి, ముట్టలేదని నిరూపించుకునే భారం బాకీదారు మీద పడుతుంది. తెలంగాణలో భగేలా పద్ధతి ఇంతకన్నా ఘోరం. పుచ్చుకున్న కొద్దిపాటి అప్పుకు మనిషి దొర దగ్గర ఏళ్ల తరబడి పనిచేసేవాడు, ఆ తర్వాత అతడి కొడుకు. భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో నిబంధన తెచ్చినా ఆ పద్ధతి పోలేదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం భగేలా, పాలేరు, వెట్టి వంటి పేర్లన్నీ వరసగా రాసి మరీ వాటిని రద్దు చేసింది, ఆ అప్పులన్నీ తీరిపోయినట్టే అంది. అయితే ఈ అన్యాయాలు నా వాదానికి ఎదురు నిలవవు, దాన్ని బలపరుస్తాయి. వాగ్దానం మాటిచ్చేవాడి సొంత ఇష్టం నుంచి పుట్టాలి. ఆకలి చూపి లాక్కున్న సంతకంలో ఇష్టం లేదు. చట్టం ప్రోనోటును ‘డబ్బు మాత్రమే’ అన్న గీత దగ్గర ఆపడంలోనూ న్యాయముంది. ఒకరి రాబోయే సొమ్ము మీద హక్కు పుచ్చుకోవచ్చు, మనిషి మీద కాదు. హరిశ్చంద్రుడు చేసిన పని ఈనాడు ఎవరి చేతా చేయించడానికి వీల్లేదు.

రెండో అభ్యంతరం: చట్టమే మాటలను రద్దు చేస్తోంది కదా, ఐ.పి. (దివాలా పిటిషను) పెట్టినవాడు బయటపడుతున్నాడు కదా? దివాలా కూడా ఇష్టం వచ్చినట్టు మాట తప్పడం కాదు. ఉన్న ఆస్తంతా కోర్టు ముందు పెట్టి, అప్పులవాళ్లందరికీ తెలియజేసి, వచ్చినదాన్ని పంచాలి. విడుదల బాకీదారు తనకు తాను ఇచ్చుకునేది కాదు, అందరి ఎదుటా పొందేది. మోసగాళ్లు దీన్ని దుర్వినియోగం చేస్తే అది వాళ్ల మోసమే తప్ప పద్ధతిలో తప్పు కాదు. వారసత్వం సంగతి కూడా ఇలాంటిదే. పత్రం రాసిన అప్పు మూడు తరాలు తీర్చాలన్నాడు యాజ్ఞవల్క్యుడు. అయితే తండ్రి తాగుడుకూ జూదానికీ చేసిన అప్పూ, వృథాగా ఇస్తానన్న దానాలూ కొడుకు తీర్చనక్కర్లేదని కూడా అన్నాడు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, ఆ ఏడాది సెప్టెంబరు 9 తర్వాత తండ్రి తాతలు చేసిన అప్పులకు ధర్మబద్ధ బాధ్యత పేరుతో కొడుకులనూ మనవళ్లనూ పట్టుకోవడానికి వీల్లేదంది. చనిపోయినవారి ఆస్తిలోంచి రాబట్టుకోవచ్చు గానీ, మాటివ్వని మనిషిని మాటకు కట్టేయకూడదు. తరాల మీద పరుచుకున్న వాగ్దానం ఇచ్చినవాడి దగ్గరికి తిరిగొచ్చింది.

మూడో అభ్యంతరం ఇంకా సూక్ష్మమైనది. ఏమీ పుచ్చుకోకుండా ఊరికే ఇచ్చిన మాటను చట్టం సాధారణంగా పట్టించుకోదు. అలాంటప్పుడు కట్టేసేది మాటా, పుచ్చుకున్న సొమ్మా? దీనికి 1886 నాటి కలకత్తా హైకోర్టు తీర్పు మంచి జవాబు. హౌరాలో టౌన్‌హాలు కట్టడానికి చందాలు పోగుచేశారు. ఒకాయన వంద రూపాయలు ఇస్తానని జాబితాలో సంతకం పెట్టాడు. ఆ సంతకాలు చూసుకుని నిర్వాహకులు కంట్రాక్టరుకు పని అప్పగించారు. ఆయన తర్వాత ఇవ్వనంటే కోర్టు కట్టమంది. ఆయనకు టౌన్‌హాలు వల్ల దక్కిందేమీ లేదు. కానీ ఆయన మాటను నమ్మి ఇంకొకరు పని మొదలుపెట్టారు. 1930ల్లో మద్రాసు హైకోర్టు ముందుకు గుడి మరమ్మతు చందా వ్యవహారం వస్తే కట్టనక్కర్లేదంది, ఎందుకంటే పని అంతకుముందే మొదలైంది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే, చట్టం చూస్తున్నది పుచ్చుకున్నవాడు ఆ మాట మీద ఆధారపడి ఏం చేశాడన్నదని తెలుస్తుంది. రాత లేని మాటల్లో మన బాధ్యతను తూచుకోవడానికి కోర్టు బయట కూడా ఇదే సరైన కొలత.

ఈ కొలతతో ప్రజాజీవితంలోని వాగ్దానాలను చూస్తే లోపమెక్కడుందో బయటపడుతుంది. మన జేబుల్లోని కరెన్సీ నోటు కూడా ఒక వాగ్దానమే. ఒక్క రూపాయి నోటు తప్ప మిగతావాటి మీద ఇంత మొత్తం చెల్లిస్తానని రిజర్వ్ బ్యాంకు గవర్నరు మాటిచ్చి సంతకం చేస్తారు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లను రద్దు చేశాక, ఆ వాగ్దానపు బాధ్యతను ముగించడానికి 2017లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మాట రాతలో ఉండి, అది పుచ్చుకున్నవారి చేతిలో ఉంటే ప్రభుత్వానికి కూడా ఊరికే కొట్టేయడం కుదరదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు సంతకాలు చేసిన పెద్దమనుషుల ఒప్పందానికి ఆ బలం లేకపోయింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలని రాసుకున్నారు, తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదాపై ప్రధాని ఇచ్చిన హామీ చట్టంలోకి ఎక్కలేదు, ప్రభుత్వం మారాక అమలు కాలేదు. రెండు ప్రాంతాల ప్రజలకూ ఈ గాయాలు తెలుసు. ఆ మాటలు సభల్లో పదేపదే వినబడ్డాయి, కానీ ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలదీసి వసూలు చేసుకోవచ్చో చెప్పే వాక్యం వాటిలో లేదు.

ప్రేమకూ స్నేహానికీ సంసారానికీ ఇదంతా వర్తిస్తుందా, భార్యాభర్తలు స్టాంపు కాగితం మీద బతుకుతారా అని అనవచ్చు. బతకరు, బతకనక్కర్లేదు. ప్రోనోటు నుంచి మనం నేర్చుకోవాల్సింది రాసుకోవడం కాదు. మాటిచ్చే ముందు అది ఎవరికిస్తున్నామో, ఎంతవరకో, ఎప్పటికో మనసులో తేల్చుకోవడం. లేదనలేని చోట, వీలైతే అన్న తోక తగిలించి అవుననకుండా ఉండడం. కొంత నెరవేర్చినప్పుడు చెల్లు వేసినట్టు అవతలివారికి చెప్పడం నేర్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, నిలబెట్టుకోలేని పరిస్థితి వచ్చినప్పుడు చేసే పని. పరిస్థితులు మారాయి, నా మనసు మారింది, నేనూ మనిషినే అని మనకు మనమే మినహాయింపు ఇచ్చుకుంటాం. అది మన చేతిలో లేని పత్రాన్ని చింపబోవడమే. మినహాయించే అధికారం పుచ్చుకున్నవారికే ఉంది కాబట్టి వారి దగ్గరికి వెళ్లి, గడువు అడగాలి, లేదా విడుదల కోరాలి. చాలాసార్లు వారు ఇస్తారు కూడా. ముసలి తల్లిదండ్రులకు వస్తానన్న పండగ, పిల్లలకు చెప్పిన ఊరు, చదువుకు సాయం చేస్తానని బంధువుల అబ్బాయికి ఇచ్చిన భరోసా, వీటి మీద ఏ కోర్టూ డిక్రీ ఇవ్వదు. అందుకే అవి తేలిక మాటలనుకుంటాం. కోర్టుకెక్కే దారి లేనివాళ్లకు మన మాట తప్ప వేరే ఆధారం లేదు కాబట్టి, అవే అన్నిటికన్నా బరువైన బాకీలు.